చేపల ‘స్కూల్’ అంటే బడి కాదండీ – మరి గుంపా, మందా, దండా?

బరంపురం నుంచి రాస్తున్నాను. సముద్రంలోకి శబ్దం పంపి చేపల్ని ఎలా లెక్కపెడతారో మా పాప చార్టు కోసం తెలుగులో రాద్దామని కూర్చుంటే ఫోన్‌లో అనువాదం ‘చేపల పాఠశాలపై ధ్వని తరంగాలు’ అని వచ్చింది. మా అమ్మ పుట్టిల్లు గోపాల్‌పూర్, ఒడ్డున పుట్టిన మనిషి, పడీపడీ నవ్వింది. నిజానికి ఆ ఇంగ్లిష్ మాటకి బడితో చుట్టరికమే లేదు, డచ్చి భాషలో గుంపు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. మనం ఏమందాం?

జవాబు: మంద అనండి, ఇందులో ఆలోచించేదేముంది? ఒడియాలో ఏనుగుల మందని హాతీపల అంటారు కదా, అలాగే. మాది పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుకలో ఉన్న మాట వదిలి కొత్తది పుట్టిస్తే ఊరుకోం 😀 అన్నట్టు కానాగంత చేపల శాస్త్రీయ నామంలో ‘కనగుర్త’ ఉంది చూశారా, అది మన తెలుగు మాటే. రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో చేపల బొమ్మలు వేయించి 1803లో పుస్తకం అచ్చువేస్తే, అందులోంచి తీసుకున్నారు.

నా మాట: కనగుర్త సంగతి భలే చెప్పారండీ. కానీ మందకి కాపరి ఉంటాడు, చేపలకి ఎవరున్నారు? నాకు దండు నచ్చడానికి కారణం ఆ శబ్దం పనిచేసే తీరే. పడవ అడుగు నుంచి కిందికి ఒక చిన్న కూత పంపుతారు, తరచుగా 38 కిలోహెర్ట్జ్, మన చెవికి వినబడదు. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 40 మిల్లీసెకన్లలో అది చేపకి తగిలి మోతగా తిరిగొస్తే, రానూపోనూ 60 మీటర్లు, అంటే చేప 30 మీటర్ల లోతులో ఉన్నట్టు. కూత ఒక మిల్లీసెకను ఉంటే నీళ్లలో దాని పొడవు మీటరున్నర, అందులో సగం, అంటే 75 సెంటీమీటర్ల లోపు తేడాతో ఒకదాని కిందొకటి ఉన్న చేపల మోతలు కలిసిపోతాయి. అందుకే మొత్తం మోతని ఒక్క చేప మోతతో భాగించి ఎన్నున్నాయో అంచనా కడతారు.

ఇక్కడే తిరకాసు. చేప కోస్తే తెల్లగా బుడగలా బయటపడుతుందే, ఆ గాలితిత్తి నుంచే మోతలో ఎక్కువ భాగం వస్తుంది. అట్లాంటిక్ మాకెరెల్ అనే చేపకి ఆ తిత్తే లేదు, తిత్తి ఉన్న హెర్రింగ్ చేప పక్కన దాని మోత ఎంతో బలహీనం. తిత్తి ఉన్న చేప కూడా తల కిందికి పెట్టి దిగుతుంటే మోత తగ్గిపోతుంది. అంటే ఎన్ని ఉన్నాయో తేలాలంటే ఎటు తిరిగి ఉన్నాయో కూడా తెలియాలి. ఊరికే ఒకచోట చేరితే గుంపు, అన్నీ ఒకే దిక్కుకి తిరిగి కదిలితే దండు, మిడతల దండులాగా. చీకటి పడ్డాక హెర్రింగ్‌లాంటివి విడివిడిగా పలచబడిపోతాయి, అప్పుడు మళ్లీ గుంపే.

జవాబు: సరే, దండు ఒప్పుకున్నాం. మరి ఎకోకి ప్రతిధ్వని అని రాశారా?

నా మాట: రాస్తే చార్టు అంచు దాటిపోయింది. పాప కొట్టేసి మారుమోత అని రాసింది, అమ్మకి అదే నచ్చింది.