అసెన్షన్ ద్వీపం: నౌకాదళ రికార్డుల్లో మామూలు మనుషుల్ని ఎక్కడ వెతకాలి?

తీరవాసి:
నెపోలియన్‌ను 1815లో సెయింట్ హెలెనాకు బందీగా పంపినప్పుడు, కాపలా కోసం బ్రిటిష్ నౌకాదళం దక్షిణ అట్లాంటిక్‌లోనే ఉన్న అసెన్షన్ దీవిలో దిగింది. 1922 దాకా అది వాళ్ల చేతిలోనే ఉంది. కెప్టెన్ల సంగతులు బాగానే దొరుకుతున్నాయి. నాకు కావలసింది అక్కడ నీళ్లు మోసినవాళ్లు, తాబేళ్లు పట్టినవాళ్లు. వచ్చే నెల లండన్‌లో క్యూ (Kew) అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్తున్నాను. ముందు ఏం అడగాలి?

పాతకట్టలు:
తీరవాసి గారూ, దీవి పేరుతో వెతికి ఊరుకోకండి. నౌకాదళం దాన్ని ఒక యుద్ధనౌకగా లెక్కలో రాసుకుంది. కాబట్టి ఓడల సిబ్బంది జాబితాల్లోనూ చూడండి. మొదట ఏడీఎం 12 సూచికలు తెప్పించుకోండి (ఏడీఎం అంటే అక్కడ నౌకాదళ శాఖ కాగితాలకు పెట్టిన గుర్తు). ఏ విషయం మీద ఏ ఉత్తరం వచ్చిందో అందులో తెలుస్తుంది. ఆ తర్వాతే ఏడీఎం 1లో అసలు ఉత్తరాలు. నేరుగా వాటిమీద పడితే ఆ చేతిరాతల్లోనే పొద్దుగూకిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఏడీఎం 101, ఓడ వైద్యుల డైరీలు. జబ్బుపడ్డ నావికుడి పేరు, వయసు, హోదా, ఏ రోజు ఎలా ఉన్నాడో అన్నీ రాస్తారు. 1838లో బొనెట్టా ఓడలో ఎల్లో ఫీవర్ వస్తే రోగుల్ని అసెన్షన్‌లో ఊరికి దూరంగా ఒక చిన్న రేవులో దించారు. తిండి అక్కడ పెట్టి, గుర్తుగా తుపాకి పేల్చి, దగ్గరికి రాకుండానే వెళ్లిపోయేవారు. ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కుర్రాళ్ల గురించి ఎవరో ఒకరు చదవాలండీ.

గోదారిగట్టు:
క్రూమెన్‌ను మరిచిపోవద్దు. ఇప్పటి లైబీరియా తీరం నుంచి వచ్చి బ్రిటిష్ ఓడల్లో పనిచేసినవాళ్లు, అసెన్షన్‌లోనూ ఉన్నారు. జాబితాల్లో వాళ్లకు ‘బాటిల్ ఆఫ్ బీర్’ (బీరు సీసా) లాంటి పేర్లు పెట్టారు. అది చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. అలాంటి పేర్లు చాలాచోట్ల మళ్లీ మళ్లీ వస్తాయి. వయసు, ఓడ, తేదీ కలిపి చూడకపోతే ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు.

తీరవాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి నీళ్ల సంగతి?

పాతకట్టలు:
1836లో డార్విన్ వెళ్లినప్పుడే ఒక్క చుక్క వృథా కాకుండా చూసుకోవడం గమనించాడు. 1843లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ వచ్చాక, వానలు పెరుగుతాయని దీవిలోని గ్రీన్ మౌంటెన్ కొండ మీద చెట్లు పెంచే ఆలోచన ఊపందుకుంది. ఆ మొక్కల ఉత్తరాలకు క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం ఆర్కైవ్స్‌లో విడిగా అడగండి, అదీ ఆ పేటలోనే. నేషనల్ ఆర్కైవ్స్‌లో రీడర్ టికెట్ ఉచితం. గుర్తింపు పత్రం, చిరునామా రుజువు తీసుకెళ్లండి. కట్టలు ముందే ఆర్డర్ పెట్టుకోండి.