పాత గరాజ్ డోర్‌కి స్ప్రింగ్ దొరుకుతుందా? (1986 ఇల్లు, నోవై)

అందరికీ నమస్తే. మిషిగన్ వచ్చి మూడు నెలలే అయింది, పాత ఇల్లు కొనుక్కున్నాం. నిన్న తెల్లవారుజామున గరాజ్‌లో టైరు పేలినంత చప్పుడు. వెళ్ళి చూస్తే డోర్ పైనున్న రెండు స్ప్రింగుల్లో ఒకటి విరిగి రెండు ముక్కలైపోయి ఉంది. బటన్ నొక్కితే డోర్ జానెడు లేచి ఆగిపోతోంది, కారు లోపలే ఉండిపోయింది. చూడ్డానికి వచ్చినతను, ఇంత పాతదానికి పార్టులు రావండీ, మొత్తం డోరే మార్చాలి అంటున్నాడు. నిజంగా రావా?

----

తమ్ముడూ, ముందు ఆ బటన్ నొక్కడం ఆపెయ్. డోర్ బరువు మోసేది స్ప్రింగే, మోటర్ కాదు. మన ఊళ్ళో కొట్టు షట్టర్‌ని పొద్దున్నే ఒంటిచేత్తో పైకి తోసేస్తారు చూడు, పైన చుట్టలో స్ప్రింగ్ ఉండబట్టే కదా, ఇదీ అంతే. స్ప్రింగ్ లేకుండా లాగిస్తే మోటర్‌లో ఉండే తెల్ల ప్లాస్టిక్ గేర్ పళ్ళు అరిగిపోయి దానికి మళ్ళీ వేరే ఖర్చు. కారు తియ్యాలంటే డోర్ మూసి ఉన్నప్పుడే పైనుంచి వేలాడే ఎర్ర తాడు లాగి (అది డోర్‌ని మోటర్ నుంచి విడదీస్తుంది) ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తండి, ఎత్తాక కింద గట్టిగా ఆనించండి, రెండు కార్ల డోర్ అంటే తేలిగ్గా ఉండదు.

పార్టులు రావన్న మాట మాత్రం నమ్మకు. స్ప్రింగులు, రోలర్లు, కేబుళ్ళు, హింజ్‌లు చాలా డోర్లకి స్టాండర్డ్ సైజులే, ఏ కంపెనీ డోర్ అయినా కొలత కలిస్తే చాలు. నిజంగా దొరకనివి పాత డోర్ ప్యానెళ్ళు, ఆ డిజైన్ తయారీ ఆపేస్తే ఇక అంతే, అప్పుడు వాడిన ఇంటి సామాను అమ్మే హ్యాబిటాట్ రీస్టోర్ లాంటి చోట వెతుక్కోవాలి. ఇంకోటి, మోటర్ మీద ఉన్న పేరు డోర్ పేరు కాదు, కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డోర్ లోపలివైపు ప్యానెల్ మీద స్టిక్కర్ ఉందేమో చూడు.

విరిగిన స్ప్రింగ్‌కి టెన్షన్ ఉండదు కాబట్టి దాన్ని కొలవచ్చు, పక్కన రెండోది బాగానే ఉంటే దాని జోలికి అస్సలు వెళ్ళకు. దగ్గరదగ్గరగా ఉన్న 20 చుట్లు టేపుతో కొలిచి 20తో భాగిస్తే వైర్ మందం వస్తుంది. 5 అంగుళాలు వస్తే 0.250 వైర్ అన్నమాట. తర్వాత లోపలి వెడల్పు, సాధారణంగా 1-3/4 గానీ 2 అంగుళాలు గానీ ఉంటుంది, స్ప్రింగ్ చివర బిగించి ఉండే లోహపు ముక్క, అదే కోన్, దాని మీద 175 అనో 200 అనో పోత పోసి ఉంటుంది చూడు. తర్వాత రెండు ముక్కలూ కలిపి మొత్తం పొడుగు. చుట్టు ఎడమదా కుడిదా అన్నది కూడా కావాలి, ఫోటో తీసి పెట్టు.

----

నమస్తే అండి, నాదీ ఒక మాట. పైన రాడ్డు మీద స్ప్రింగ్ కనపడకుండా ఒట్టి గొట్టమే ఉంటే అది వేన్ డాల్టన్ అనే డోర్ కంపెనీ వాళ్ళ టార్క్‌మాస్టర్ రకం అయ్యుండొచ్చు, స్ప్రింగ్ గొట్టం లోపల ఉంటుంది, దానికి మామూలు స్ప్రింగ్ పట్టదు. మేము అది తెలియక ఆన్‌లైన్‌లో కొనేసి తిప్పి పంపాల్సి వచ్చింది. మీది బయటికే కనపడుతోంది కాబట్టి ఆ బాధ లేదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మోటర్ ఏ సంవత్సరందో కూడా చూసుకోండి. 1993 నుంచి తయారైనవాటికి నేలకి 6 అంగుళాలు దాటకుండా రెండువైపులా కన్నులాంటి సెన్సర్లు ఉంటాయి, అడ్డంగా ఏదైనా వస్తే దిగే డోర్ వెనక్కి లేస్తుంది. అవి లేని మోటర్ అయితే దానికి పార్టులు వెతకొద్దు, కొత్త మోటరే పెట్టించండి. ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు.

----

అన్నా, అక్కా, చాలా థాంక్స్. సెన్సర్లు ఉన్నాయి. 20 చుట్లు 4-3/8 అంగుళాలు వచ్చింది, కోన్ మీద 200 అని ఉంది, ముక్కలు రెండూ కలిపి 27 అంగుళాలు. కొత్త స్ప్రింగ్ బిగించి చుట్టడం నేనే చేసుకోవచ్చా? వీడియోలో తేలిగ్గానే కనపడుతోంది.

----

వద్దు తమ్ముడూ. అది చుట్టేటప్పుడు స్ప్రింగ్‌ని తిప్పే ఇనుప బార్ జారితే చెయ్యి విరుగుతుంది, కొంతమంది స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతారు, అది ఇంకా ప్రమాదం. కేబుల్ తగిలించి ఉండే కింది మూల బ్రాకెట్ స్క్రూలు కూడా విప్పొద్దు, అక్కడా లాగుడు ఉంటుంది. రోలర్లు, అడుగున రబ్బరు లాంటివి తర్వాత నిదానంగా చూసుకోవచ్చు, హింజ్ మార్చాలంటే దాని మీద 1, 2, 3 అని నంబర్ ఉంటుంది, అదే నంబర్ తెచ్చుకో.

4-3/8ని 20తో భాగిస్తే 0.218 వైర్. 0.218, 2 అంగుళాలు, 27 పొడుగు అని కాగితం మీద రాసుకుని ఇంకో రెండు మూడు చోట్లకి ఫోన్ చెయ్, రెండు స్ప్రింగులకీ లేబర్‌తో కలిపి ఎంత అని అడుగు. కొలత నీ దగ్గర ఉంటే డోర్ మార్చాలి అనే మాట అంత తేలిగ్గా రాదు. రెండూ ఒకే వయసువి కాబట్టి రెండూ మార్పించు. మామూలు స్ప్రింగ్ 10,000 సార్లు తెరిచి మూసేదాకా అంటారు, రోజుకి నాలుగుసార్లు వాడితే ఏడేళ్ళు కూడా రాదు, 25,000 సైకిల్‌ది ఉందా అని అడుగు, కొంచెం ఎక్కువైనా అదే వేయించుకో.

నేను ఫార్మింగ్‌టన్ హిల్స్‌లోనే ఉంటాను, శనివారం పొద్దున వస్తాను, ముందు కారు బయటికి తీద్దాం. ఇంకొకరెవరైనా చెయ్యి కలుపుతారేమో చూడు.