"సంపజఞ్ఞం న ముంచతి"యా, "న రించతి"యా?

గడియారం స్తంభం (అనంతపురం):
పదిరోజుల విపశ్యన శిబిరానికి పోయొచ్చినా. అక్కడ విన్న పాళీ ముక్క ఒకటి చెవిలో ఇరుక్కుపోయింది: "యతో చ భిక్ఖు ఆతాపీ, సంపజఞ్ఞం న ...ంచతి". చివర "ముంచతి" అని నాకు గట్టిగా గుర్తు. నాతో వచ్చిన మా బావ "రించతి" అంటాడు. అట్లాంటి మాటే లేదు, నువ్వు కునికిపాట్లలో విన్నావని పందెం కట్టినా. ఉగ్గాని బజ్జీ. ఇంకోటి, సంపజఞ్ఞాన్ని, అంటే ఒంట్లో మనసులో ఏం జరుగుతాందో తెలుసుకుంటా ఉండడాన్ని, తెలుగులో ఒక్క మాటలో ఏమనాల?

కొండారెడ్డి బురుజు:
ముంచతి, రించతి రెండూ ఒకే తూకం కాబట్టి ఛందస్సు పట్టుకొని తేల్చలేం. కానీ ఉగ్గాని మీ బావకే. రిఞ్చతి. "రిక్తహస్తాలు" అంటామే, ఆ రిక్తం ఏ ధాతువో ఇదీ అదే. విడిచిపెట్టడమే, కాకపోతే ఖాళీ చేసి పోవడం అనే వాసన ఉంటుంది. తర్వాతి పాదాలు "తతో సో వేదనా సబ్బా, పరిజానాతి పండితో". అప్పుడా పండితుడు వేదనలన్నిటినీ పూర్తిగా తెలుసుకుంటాడని. పాళీ సంయుత్తనికాయంలోని వేదనాసంయుత్తంలో ఆకాశంలో గాలుల పోలిక తర్వాత వస్తుంది.

పెన్నొడ్డు:
ఆ గాలుల పోలిక బలే ఉంటాదన్నా. తూర్పుగాలి, పడమటిగాలి, సరజా (దుమ్ముతో వచ్చేది), అరజా (దుమ్ము లేనిది), చల్లది, వేడిది. రామగిరి గాలిమరల కింద నిలబడి చదవాల్సిన పద్యం. మాకు అరజా అనే రకం మాత్రం ఇంకా తగల్లేదు, అంతా దుమ్మే.

ముహుర్ముహుః:
పాళీలోనే ఆగిపోతే ఎలా? శాంతిదేవుడి సంస్కృత గ్రంథం బోధిచర్యావతారంలో ఐదో పరిచ్ఛేదం మొత్తం దీనిమీదే. "ఏతదేవ సమాసేన సంప్రజన్యస్య లక్షణమ్ । యత్కాయచిత్తావస్థాయాః ప్రత్యవేక్షా ముహుర్ముహుః". ఒళ్లూ మనసూ ఏ స్థితిలో ఉన్నాయో మాటిమాటికీ చూసుకోవడం. శాంతిదేవుడే నిర్వచనం ఇచ్చాక ఇక తెలుగు మాట వెతకడమెందుకు, సంప్రజన్యం అంటే సరిపోతుంది.

కొండారెడ్డి బురుజు:
సరిపోదు మేడం. "జన్య" అనగానే తెలుగువాడికి పుట్టుక గుర్తొస్తుంది. జన్యుశాస్త్రం అనుకుంటాడు. ఇందులో ఉన్నది జ్ఞా ధాతువు. పాళీలో సంపజాన మీద భావార్థకం చేరి ఞ్ఞ అయింది, దాన్ని మళ్లీ సంస్కృతంలోకి దింపేటప్పుడు జ్ఞ చెదిరిపోయి జన్య మిగిలింది. అందుకే నేను ఎప్పటినుంచో చెప్తున్నా: యజ్ఞం మనకు జన్నమైంది, సంజ్ఞ సన్నైంది (కనుసన్న), విజ్ఞాపన విన్నపమైంది. ఆ దారిలోనే సంపజఞ్ఞం "సంపజన్నం" కావాలి. ప్రాకృతపు ఞ్ఞ తెలుగు నోట్లో న్న అయి తీరుతుంది.

ముహుర్ముహుః:
మీరు నిన్న పుట్టించిన మాటకు మీరే తద్భవమని పేరు పెడితే ఎలా సార్? అది జనం నోట్లో నలగాలి.

పెన్నొడ్డు:
"ఎరుక" ఉండగా ఈ జన్నాలెందుకు?

మంచె మీద:
ఎరుక చాలదన్నా. పైగా మా ఊళ్లో ఎరుక అంటే బుట్ట పట్టుకొచ్చి చెప్పేదే ముందు గుర్తొస్తాది. అట్టకథలో (పాళీ వ్యాఖ్యానంలో) సంపజఞ్ఞం నాలుగు రకాలు కదా: సాత్థక, సప్పాయ, గోచర (ధ్యానవిషయాన్ని విడవకపోవడం), అసమ్మోహ (భ్రమ పడకపోవడం). చేయబోయే పనికి ప్రయోజనముందా, అది నాకు తగునా అన్న మొదటి రెండూ ఎరుకలో యాడుండాయి? నా ఓటు "మెలకువ"కు. చెనక్కాయ చేనికి రాత్రి కావలి పండుకున్నోళ్లకు తెలుస్తాది. అడివిపందులకోసం మంచె మీద కండ్లు తెరుచుకొని కూర్చున్నంత మాత్రాన కాదు, ఏ గట్టుమీద నుంచి దిగుతాయి, గాలి ఎటుంది, ఎప్పుడు లైటు వేయాల అని తెలిసుండాల. అవిగో పందులు అని చూస్తా కూర్చుంటే చేను మిగల్దు.

ముహుర్ముహుః:
మీరు చెప్పిన రెండోది మెలకువ కాదు, "మెళకువ". ళ. కిటుకు, ఒడుపు. నిద్రలేవడం ల, పనితనం ళ. రెండూ కలిపేశారు.

మంచె మీద:
కలపాలనే చెప్తా ఉండా. ఒకే మాట రెండు వేషాలు. నిద్ర లేనోనికి ఒడుపెట్లా వస్తాది?

ముహుర్ముహుః:
నిద్ర లేనివాడికా, నిద్ర లేచినవాడికా?

మంచె మీద:
రెండోది మేడం. సగం నిద్రలో టైపు చేసినా.

కొండారెడ్డి బురుజు:
ల, ళ రాతలో ఇష్టమొచ్చినట్లు మారుతుంటాయి, దానిమీద సిద్ధాంతం కట్టొద్దు. అన్నట్టు బౌద్ధం మాట వచ్చింది కాబట్టి, మా ఎర్రగుడికి పోయి అశోకుడి చిన్న శాసనం చూడండి. కొన్ని వరుసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి. చదువుతూ కాస్త ఆదమరిస్తే ఎద్దు చాలు తప్పినట్లే. సంపజన్నానికి అంతకంటే మంచి అభ్యాసం లేదు.

పెన్నొడ్డు:
రెండువేల యేండ్ల వెనక్కి పోయినా కర్నూలు జిల్లా దాటడు మా అన్న.

మడకశిర బస్సు:
లేటుగా వస్తున్నాను, తిట్టొద్దు. "హెచ్చరిక"ను అందరూ మరిచిపోయారు. కన్నడంలో ఎచ్చర అంటే మెలకువే, ఎచ్చరికె దాన్నుంచే. మనం దాన్ని బెదిరింపు చేసి పెట్టుకున్నాం, "వాతావరణ శాఖ హెచ్చరిక" అని. త్యాగయ్య దగ్గర చూడండి: "హెచ్చరికగా రారా హే రామచంద్ర". రాముణ్ణి బెదిరిస్తున్నాడా? అడుగు చూసుకుంటూ రమ్మంటున్నాడు. యదుకులకాంభోజి రాగంలో ఆ నడక విన్నారంటే "అభిక్కంతే పటిక్కంతే సంపజానకారీ హోతి" (ముందుకు పోయినా వెనక్కి వచ్చినా సంపజఞ్ఞంతో మెలుగుతాడు) అన్నదానికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

ముహుర్ముహుః:
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ "హె" ఎక్కడిది? ఎచ్చరికకు హకారం ఎవరు తగిలించారు?

మడకశిర బస్సు:
"హెచ్చు" చూసి వాత పెట్టుకుందని నా అనుమానం. అంతకంటే పెద్ద చిక్కుంది మేడం. రాజు వస్తుంటే వేత్రహస్తులు (బెత్తం పట్టిన కావలివాళ్లు) కేకేసేది "బహుపరాక్". జాగ్రత్త అని. మరి ఇంట్లో "పరాకు" అంటే ధ్యాస లేకపోవడం. ఆ త్యాగయ్యే "పరాకు చేసిన నీకేమి ఫలము" అని నిలదీస్తాడు. ఒకే మాట జాగ్రత్తకూ అజాగ్రత్తకూ ఎలా సరిపోయింది?

ముహుర్ముహుః:
కఠోపనిషత్తు: "పరాఙ్ పశ్యతి నాంతరాత్మన్", బయటికే చూస్తాడు, లోపలి ఆత్మను చూడడు. పరాక్ అంటే బయటివైపు. నా ఊహ ఇది. రాజు తనలో తానుంటే జనం గోడు పట్టదు, కాబట్టి అయ్యా, బయటికి చూడు అని కేక. మనబోటివాళ్ల మనసు బయటికి పోతే చేతిలో పని చెడుతుంది, కాబట్టి అదే మాట తప్పు కింద పడింది.

కొండారెడ్డి బురుజు:
ఊహ బాగుంది. ఆధారం?

ముహుర్ముహుః:
మీ సంపజన్నానికి ఉన్నంత.

గడియారం స్తంభం:
బావకు ఉగ్గాని తినిపించొచ్చినా. ఇక్కడ నలబై మెసేజులుండాయి, మాట ఇంకా తేలలా. ఒకటి అడుగుతా. మొన్న మా అవ్వకు జరమొచ్చి రెండ్రోజులు మగతగా పండుకొనింది. కండ్లు తెరిస్తే మా అమ్మ "తెలివొచ్చిందా అత్తా?" అనింది. తెల్లారి అవ్వ లేచి కూర్చొని, ఎవరు ఎంత డబ్బు ఖర్చు పెట్టినారో లెక్క అడిగింది. అప్పుడు కూడా "తెలివికేం తక్కువ లేదు" అన్నారు. సంపజఞ్ఞానికి "తెలివి" అంటే తప్పా?

కొండారెడ్డి బురుజు:
పరాకు సంగతి ముందు తేలనీ తమ్ముడూ. మేడం, కన్నడంలో కూడా పరాకు అంటే వందిమాగధుల కేకే. అక్కడినుంచి మనకు వచ్చిందా, మననుంచి అక్కడికి పోయిందా?

మంచె మీద:
ముందు మెలకువ ళ కాదని ఒప్పుకోండి, తర్వాత పరాకు.