టెక్సాస్ నుంచి చికాగోకి మారుతుంటే సప్రెసర్ సంగతేంటి?

మియాపూర్_రవి:
మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, గ్రీన్ కార్డు ఉంది. అడవి పందుల వేటకని బోల్ట్ యాక్షన్ రైఫిలూ, దానికో సప్రెసరూ (కాల్చినప్పుడు శబ్దం తగ్గించే పరికరం) కొన్నాడు. ఫారం 4 (సప్రెసర్ చేతులు మారేందుకు ఫెడరల్ ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు) వాడి పేరు మీదే అప్రూవ్ అయింది. ఇప్పుడు ఉద్యోగం చికాగోకి మారింది. ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఎక్కడైనా చెల్లుతుందంటున్నాడు. నిజమేనా? లేదంటే స్నేహితుడి దగ్గర పెట్టొచ్చా? సంక్రాంతికి వస్తూ హైదరాబాద్ తెచ్చేస్తే?

తార్నాక_సుధ:
చెల్లదండీ. 1934 నాటి ఫెడరల్ తుపాకుల చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే ఫెడరల్ కేసు ఉండదు, అంతవరకే. రాష్ట్రం వద్దంటే ఆ కాగితం అక్కరకు రాదు. సప్రెసర్‌ని నిషేధించిన రాష్ట్రాలు ఎనిమిది: కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, డెలావేర్, హవాయి, చికాగో ఉన్న ఇల్లినాయిస్. వాషింగ్టన్ డీసీ కూడా అంతే.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ: 16 అంగుళాల లోపు బారెల్ ఉన్న రైఫిల్‌ని రాష్ట్రం దాటించాలంటే ముందు ఏటీఎఫ్‌కి (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) 5320.20 ఫారం పెట్టాలి. సప్రెసర్‌కి ఆ ఫారం అక్కర్లేదు. అడగలేదు కదా అని సామాన్లతో పాటు లారీ ఎక్కించేస్తారు. ఇల్లినాయిస్‌లో అడుగు పెట్టగానే అది రాష్ట్ర నేరం.

రైఫిల్‌కి మాత్రం, అక్కడికి మారిన 60 రోజుల్లో ఫోయిడ్ కార్డుకి (ఇల్లినాయిస్‌లో తుపాకీ ఉంచుకోవడానికి కావలసిన గుర్తింపు కార్డు) అప్లై చేయమనండి.

ఎల్బీనగర్_కిరణ్:
స్నేహితుడి దగ్గర పెట్టొద్దు. అనుమతి లేని ట్రాన్స్‌ఫర్ కింద ఇద్దరూ ఇరుక్కుంటారు, పదేళ్ల దాకా జైలు. తాళంచెవి మీ తమ్ముడి దగ్గర మాత్రమే ఉండే లాకర్ టెక్సాస్‌లో తీసుకుని అందులో పెట్టొచ్చు. అంతకంటే అమ్మేయడం నయం. మళ్లీ ఫారం 4, రెండు వేలిముద్రల కార్డులు, ఫొటో కావాలి. 200 డాలర్ల పన్ను సప్రెసర్‌కి 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, కాగితాల పని మాత్రం తగ్గలేదు. అప్రూవల్ చేతికొచ్చేదాకా వస్తువు కొన్నవాడికి ఇవ్వకూడదు. అందుకే ఇల్లు ఖాళీ చేసే వారం దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టమనండి.

మియాపూర్_రవి:
సప్రెసర్‌ని ఒక ట్రస్టు పేరు మీదికి మార్చి, అందులో స్నేహితుణ్ని చేరిస్తే? అతను హెచ్1బీ మీద ఉన్నాడు.

ఎల్బీనగర్_కిరణ్:
అయితే అసలే కుదరదు. హెచ్1బీ లాంటి వీసా మీదున్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. గడువులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టం లెక్కలో సప్రెసర్ కూడా తుపాకీయే. పైగా సొంత పేరు నుంచి ట్రస్టుకి మార్చాలన్నా కొత్త ఫారం 4 కావాలి.

తార్నాక_సుధ:
హైదరాబాద్ ఆలోచన మానుకోండి. 2016 ఆయుధ నిబంధనల్లో శబ్దం తగ్గించే పరికరం నిషిద్ధ కేటగిరీలో ఉంది. కమిషనర్ గారి దగ్గర తీసుకునే మామూలు తుపాకీ లైసెన్సు దానికి వర్తించదు. అమెరికా నుంచి బయటికి పంపడానికి అక్కడి ఎగుమతి అనుమతీ కావాలి. ఇంకోటి, కాల్పుల సాధన రేంజికి తీసుకెళ్లే బ్యాగుతో విమానం ఎక్కొద్దని చెప్పండి. లైనింగ్ మడతలో ఒక్క తూటా దొరికినా శంషాబాద్‌లో ఆయుధ చట్టం కింద కేసు పెట్టొచ్చు.