ఫ్యాట్‌టెయిల్ గెకో తోక సన్నబడుతోంది, తిన్నది అరగడం లేదు: ముందు ఏ పరీక్ష చేయించాలి?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర నాలుగేళ్ల మగ ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ గెకో (లావు తోక ఉండే పెంపుడు బల్లి) ఒకటి, రెండేళ్ల ఆడది ఒకటి వేర్వేరు ట్యాంకుల్లో ఉన్నాయి. మగదాని ఆరోగ్యం గురించి చాలా ఆందోళనగా ఉండి ఇది రాస్తున్నాను. దసరా నాడు తూచినప్పుడు అది 62 గ్రాములు ఉంది. కనుమ నాడు తూస్తే 47 గ్రాములకు దిగిపోయింది. మధ్యలో ఒక్కసారీ తూచకపోవడం నా పొరపాటే; రోజూ కళ్లెదుట తిరిగే ప్రాణి కావడంతో అది చిక్కిపోతున్న సంగతి నా కంటికి ఆనలేదు. ఇప్పుడు తోకను వేలితో మెల్లగా తడిమితే లోపలి ఎముక గణుపులు ఒక్కొక్కటిగా తగులుతున్నాయి.

నవంబరు నెలాఖరు నుంచి తిండి తగ్గింది. ఇదివరకు పూటకు ఐదారు మీల్‌వర్మ్‌లు (మేతగా వేసే చిన్న పురుగులు) తినేది, ఇప్పుడు ఒకటి రెండు తిని ముఖం తిప్పుకుంటోంది. మలం నీళ్లగా, జిగురుగా, భరించలేని వాసనతో వస్తోంది. మొన్న అందులో ఒక మీల్‌వర్మ్ రంగు నల్లబడటం తప్ప మరే మార్పూ లేకుండా మొత్తంగా బయటపడింది. రెండుసార్లు తిన్నది మర్నాటికల్లా కక్కేసింది కూడా.

దగ్గరలోని ఒక క్లినిక్‌లో చూపిస్తే మలపరీక్ష చేయకుండానే మెట్రోనిడజోల్ అనే సూక్ష్మజీవుల మందు సిరప్ రాసి, రోజుకు కొన్ని చుక్కలు వేయమన్నారు. ఎంత బరువుకు ఎంత మందో చెప్పలేదు. ఇంకా మొదలుపెట్టలేదు. వేయవచ్చా? బలం కోసం నోరు తెరిచి తినిపించవచ్చా? ఇంట్లో నాలుగేళ్ల పాప కూడా ఉంది కనుక, ఈ జబ్బు మనుషులకు అంటుతుందేమోనన్న భయం కూడా ఉంది.

సమాధానం 1 (నల్లకుంట నుంచి)

మీరు చెప్పిన లెక్క ప్రకారం అది తన బరువులో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంది. పదో వంతు తగ్గినా డాక్టరుకు చూపించవలసిందే కాబట్టి, ఇది ఇంట్లో వేచి చూసే దశ కాదు. సంతానకాలంలో మగవి కొన్ని వారాలు తిండి మానేయడం మామూలే గాని, అప్పుడు తోక ఇంతగా కరగదు, మలం ఇలా పాడవదు. ఈ జాతికి తోకే కొవ్వు దాచుకునే మూట; అది గణుపులు తేలేంతగా కరిగిందంటే దాచుకున్నదంతా అయిపోయిందని అర్థం.

మందుల మాట ఎత్తే ముందు వేడి సంగతి చూడండి. గెకో తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు. బయటి నుంచి అందిన వేడితోనే దాని కడుపులో ఆహారం అరుగుతుంది. మన ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రులు 12 – 15 డిగ్రీలకు పడిపోతాయి, గచ్చు మీద పెట్టిన గాజు ట్యాంకు ఇంకా చల్లబడుతుంది. మీ దానికి తిండి తగ్గింది కూడా సరిగ్గా చలి మొదలైన రోజుల్లోనే. వేడిగా ఉండవలసిన మూలలో అది పొట్ట ఆనించే నేల మీద 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెర మీది అంకెను నమ్మకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఆ నేలనే కొలవండి. దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) ట్యాంకును వేడిచేసే మ్యాట్‌కు అతికి ఉండి, పైన కొబ్బరిపొట్టు మందంగా ఉంటే, తెర మీద 32 కనిపిస్తుంది, బల్లికి అందేది మాత్రం ఐదారు డిగ్రీలు తక్కువగా ఉంటుంది.

నోరు తెరిచి తినిపించవద్దు. చల్లబడిన కడుపులోకి వెళ్లిన ఆహారం అరగక అక్కడే కుళ్లుతుంది, మీరు చూసిన కక్కడం అందువల్ల కూడా కావచ్చు. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. రోజూ పది నిమిషాలు చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లలో, కాళ్లు మునిగేంత లోతులో నిలబెట్టండి. మలంతో వచ్చే తెల్లటి ముక్క పసుపు రంగులో ఉంటే ఒంట్లో నీరు తక్కువైందని గుర్తు. తిండి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు దాని రెండు కళ్ల మధ్య దూరాన్ని మించని చిన్న పురుగులు ఒకటి రెండే ఇవ్వండి. ఎండిపోయిన ప్రాణికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే దాని ఒళ్లు తట్టుకోలేదు.

సమాధానం 2 (మియాపూర్ నుంచి)

మీరు రాసింది చదువుతుంటే నా పాత రోజులు గుర్తుకు వచ్చాయి. పై సమాధానంలోని ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. అయితే వేడి సరిచేశాక కూడా బరువు తగ్గుతుంటే క్రిప్టోస్పోరిడియోసిస్ అనే జబ్బును మనసులో పెట్టుకోవాలి. ఇది పేగుల గోడకు అతుక్కుని బతికే ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుంది. తోక పుల్లలా అయిపోతుంది కనుక పెంపకందార్లు దీన్ని స్టిక్ టెయిల్ అంటారు. పుల్లలా మారిన తోక జబ్బు గుర్తే గాని జబ్బు పేరు కాదు. నులిపురుగులు, చలి, నోటిపూత, పేగుల్లో ఇసుక అడ్డుపడటం, ఏదైనా అదే రూపం తెస్తుంది. అందుకే పరీక్ష లేనిదే ఏ మందూ వేయవద్దని బతిమాలుతున్నాను.

నా లెపర్డ్ గెకో నాలుగు నెలల్లో 58 గ్రాముల నుంచి 29కి వచ్చింది. మొదటి మలపరీక్షలో ఏమీ లేదన్నారు, నేనూ నిశ్చింతగా ఉన్నాను. ఈ జీవి గుడ్లు ప్రతి రోజూ మలంలో పడవని, ఒక్కసారి కనిపించనంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేమని నాకు అప్పుడు తెలియదు. మూడో నమూనాలో గాని అవి దొరకలేదు. పారోమోమైసిన్ వంటి మందులు లక్షణాలను తగ్గిస్తాయే గాని పూర్తిగా నయం చేస్తాయన్న భరోసా లేదు. చివరి వారంలో అది నీళ్ల గిన్నె అంచుకు గడ్డం ఆనించి, తల ఎత్తలేక అలాగే పడుకుని ఉండేది. డాక్టరుతో మాట్లాడి నొప్పి లేకుండా సాగనంపాము. అంతకన్నా బాధాకరమైన సంగతి, ఒకే పట్టకారుతో రెండింటికీ తినిపించడం వల్ల నా రెండో గెకోకూ జబ్బు అంటుకుంది.

కాబట్టి ఈ రోజు నుంచే ఆడదానికి ముందు తినిపించండి, మగదాన్ని ఆఖరున ముట్టుకోండి. పట్టకారు, నీళ్ల గిన్నె, తుడిచే గుడ్డ వేర్వేరుగా ఉంచండి. ఒకటి తినకుండా వదిలేసిన పురుగును రెండోదానికి పెట్టవద్దు. మగదాని ట్యాంకులో కొబ్బరిపొట్టు తీసేసి, రోజూ మార్చే పేపర్ టవల్ పరచండి. మలం ఎలా ఉందో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు బ్లీచింగ్ నీళ్లకు ఆ గుడ్లు చావవు. గిన్నెలను మరిగే నీళ్లలో ఉంచండి, చెక్క సామానును పారేయండి.

పాప విషయంలో ఒక మాట. బల్లులకు వచ్చే ఈ క్రిప్టో రకం మనుషులకు అంటుతుందని తేలలేదు. కానీ ఆరోగ్యంగా కనిపించే గెకో ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, ఐదేళ్ల లోపు పిల్లలకు అది ప్రమాదకరం. పాప చేత ముట్టించవద్దు, ట్యాంకు సామాను వంటింటి సింకులో కడగవద్దు, ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

సమాధానం 3 (రాజేంద్రనగర్ నుంచి)

నేను పశువైద్యంలో పరాన్నజీవుల శాస్త్రం చదివాను కనుక నమూనా గురించి మాత్రమే రాస్తాను. ఎండిపోయిన మలం పనికిరాదు. వేసిన కొన్ని గంటల్లోపే మూత బిగుతుగా ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తీసి, అదే రోజు అందించండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచండి గాని ఫ్రీజర్‌లో పెట్టవద్దు. కాగితంలో చుడితే తడి అంతా అది పీల్చుకుంటుంది. ల్యాబులో మూడు పరీక్షలు పేరు పెట్టి అడగండి: కదిలే సూక్ష్మజీవుల కోసం తాజా తడి స్మియర్ (గాజు పలక మీద పల్చగా పూసి చూడటం), నులిపురుగుల గుడ్ల కోసం ఫ్లొటేషన్ (గుడ్లు పైకి తేలే ద్రావణంలో కలిపి చూడటం), క్రిప్టో కోసం యాసిడ్‌ఫాస్ట్ రంగు. మూడోది విడిగా అడగకపోతే సాధారణంగా చేయరు. పీసీఆర్ (జన్యుపదార్థాన్ని బట్టి జీవిని గుర్తించే పరీక్ష) చేసే చోటు దొరికితే ఇంకా మంచిది. మా దగ్గరి పశువైద్య కళాశాలలో పారాసిటాలజీ విభాగం ఉంది. బల్లి నమూనా తీసుకుంటారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరండి.

మెట్రోనిడజోల్ కొన్ని సూక్ష్మజీవుల మీద బాగా పనిచేస్తుంది గాని నులిపురుగులను చంపదు, క్రిప్టోను నయం చేయదు. మోతాదు మించితే సరీసృపాల నాడీవ్యవస్థ దెబ్బతిని తల వంకర తిరగడం, తూలడం చూస్తాము. 47 గ్రాముల ప్రాణికి కొన్ని చుక్కలు అన్న కొలత కొలత కాదు. మొదలుపెట్టకుండా మంచి పని చేశారు.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తర్వాత

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నల్లకుంట వారు చెప్పినట్లే నేలను కొలిస్తే 26 డిగ్రీలు ఉంది, థర్మోస్టాట్ మాత్రం 32 చూపిస్తోంది. పొట్టు తీసి, ప్రోబ్‌ను పేపర్ టవల్ కిందికి మార్చాక ఇప్పుడు నేల మీదే 32 ఉంటోంది. సరీసృపాలను చూసే మరో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఫ్లొటేషన్‌లో నులిపురుగుల గుడ్లు చాలా ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్యమైన బల్లుల్లోనూ అవి కొద్దిపాటిగా ఉంటాయని, చలికి అరుగుదల దెబ్బతిని ఒళ్లు నీరసించాక ఇంతగా పెరిగి ఉంటాయని ఆయన అన్నారు. బంగారం తూచే చిన్న త్రాసు మీద తూచి, ఆ బరువుకు లెక్క కట్టి ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు ఇచ్చారు. రెండు వారాలకు మరో మోతాదు పడింది.

మొదటి వారం బరువు ఇంకా తగ్గి 45కి వచ్చింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి ఆదివారం 46, నిన్న 49. మలం గట్టిపడింది, పక్కన తెల్లటి ముక్క తెల్లగానే ఉంది. నిన్న రాత్రి మొదటిసారి గూట్లోంచి తానే బయటికి వచ్చి, పట్టకారు చివర ఉన్న డూబియా (మేతగా వేసే బొద్దింక) పిల్లను తోక కొస ఆడిస్తూ చూసి పట్టుకుంది. యాసిడ్‌ఫాస్ట్ పరీక్ష రెండుసార్లు చేయిస్తే రెండుసార్లూ ఏమీ కనిపించలేదు. మియాపూర్ వారి అనుభవం చదివాక అక్కడితో ఆగదలచుకోలేదు. రెండింటికీ పట్టకార్లు వేరుగానే ఉంచి, వచ్చే సోమవారం మూడో నమూనా ఇస్తున్నాను.