అమలాపురం దగ్గర 5 సెంట్ల స్థలం, మొదటిసారి కొంటున్నాను. ఏం చూసుకోవాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, సొంతూరు పాలకొల్లు. వరిచేను లేఅవుట్ చేసి అమ్ముతున్నారు. ఈ వారమే అడ్వాన్స్ ఇమ్మని బ్రోకర్ ఒకటే ఫోన్లు. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకు. 2014లో నేనూ ఇలాగే ఎండాకాలంలో చూసి కొన్నాను. నేల నెర్రెలిచ్చి గట్టిగా కనిపించింది. శ్రావణంలో వెళితే మోకాలి లోతు నీళ్లు, హద్దురాయి కూడా కనబడలేదు. చేలో నీళ్లు మురుగు కాలవలోకి లాగే బోదెను పూడ్చేసి, దాని మీదే లేఅవుట్ రోడ్డు వేశారు! మెరక తోలించడానికే బోలెడు డబ్బు పోయింది. అందుకే వాన పడిన మర్నాడు వెళ్లి చూడు. పక్కచేను రైతుని అడుగు, నీళ్లు ఎటు పోతాయో ఆయనే చెబుతాడు. పక్కన రొయ్యల చెరువు ఉంటే బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడు, ఉప్పగా ఉంటే వద్దు.

జవాబు 2:
సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద అమ్మకం నిషేధించిన భూముల జాబితా) ఉందేమో ముందు చూసుకోండి. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవాదాయ (గుళ్ల) భూములు అందులో ఉంటాయి, రిజిస్ట్రేషన్ చేయరు. లంక భూములైతే (నది మధ్య దిబ్బల మీదివి) మరీ జాగ్రత్తండీ. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీసుకుని లాయరుకు చూపించండి.

జవాబు 3:
లేఅవుట్‌కు అనుమతి ఉందా? ప్లాన్ కాపీ అడగండి. సెంటుకు 48.4 గజాలు, అంటే మీకు 242 గజాలు రావాలి. టేపు పట్టుకుని కొలిపించండి.

అడిగినవారు:
ఆదివారం నాన్నగారితో వెళ్తున్నాను. బోదె సంగతి అసలు తట్టనే లేదు అన్నా, థాంక్స్.