చలికాలం చివర మంచుచరియలు: రెండు రోజుల ఎండను నమ్మవచ్చా?

నల్లమల, కర్నూలు:
మార్చి మొదటి వారంలో మిత్రులతో కలిసి హిమాచల్‌లో మంచుకొండలు ఎక్కాలనుకుంటున్నాము. మంచు కురవడం ఆగి రెండు రోజులు ఎండ కాస్తే ఢోకా లేదని, తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నంలోగా దిగివస్తే చాలని ట్రెక్కింగ్ ఏజెంటు అంటున్నాడు. అక్కడ పనిచేసినవారు తమ అభిప్రాయం తెలుపగలరు.

పెన్నాతీరం, కడప:
లాహౌల్ వైపు రోడ్డు పనుల్లో ఉన్నాను. కొత్త మంచు రెండు రోజుల్లో కొంత సర్దుకుంటుందన్న మాట నిజమే గాని, అసలు గండం తరచుగా అడుగు పొరలో ఉంటుంది. చలికాలం మొదట్లో మంచు పలుచగా ఉన్నప్పుడు, నేల కాస్త వెచ్చగానూ పైగాలి కొరికే చలితోనూ ఉండటం వల్ల, కింది నుంచి ఆవిరి పైకి లేచి అడుగు రేణువులు ఒకదానికొకటి అంటుకోని చక్కెర పలుకుల్లా మారిపోతాయి. గుంట తవ్వి చూస్తే పై పొరలో గుచ్చిన పార నిలబడుతుంది. అడుగు పొరను పిడికిట పట్టి ఎంత నొక్కినా ముద్ద కాక వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఫిబ్రవరిలో పడిన మంచు బరువంతా దానిమీదే ఉంటుంది. రెండు రోజుల ఎండ ఆ పొరను బాగుచేయలేదు.

గుత్తికోట, అనంతపురం:
సైన్యంలో పనిచేసినవాడిగా వాలు సంగతి చేరుస్తాను. పలకలుగా విరిగిపడే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే బయలుదేరుతాయి. గాలి ఒక పక్క మంచును ఊడ్చి శిఖరానికి అవతల పేరుస్తుంది కనుక, మంచు కురవకపోయినా ఆ పక్క బరువు పెరుగుతుంది. కాలు మోపగానే లోపల ‘ధబ్’మని కుంగిన చప్పుడు వచ్చినా, పాదం దగ్గర నుంచి పగులు పాకినా వెనుదిరగాలి, గైడు నవ్వినా సరే. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద చిక్కుకున్న పదిమంది సైనికుల్లో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నారు.

హంద్రీ, కర్నూలు:
తెల్లవారుజాము సూత్రం అన్నివేళలా పనికిరాదు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ కార్మికుల శిబిరంపై చరియ పడింది ఉదయం పూటే; చిక్కుకున్న 54 మందిలో 8 మంది మరణించారు. అప్పుడు అక్కడ ఎడతెగని మంచు కురుస్తోంది.

పెన్నాతీరం, కడప:
నిజమే. ఎండకు కరిగిన నీరు లోపలికి ఇంకి జారే తడి చరియలకే ఆ సూత్రం వర్తిస్తుంది. బరువుకు విరిగేవాటికి వేళాపాళా లేదు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే హెచ్చరికలను బయలుదేరే ముందు తప్పక చూడండి. కప్పబడినవారిని పది పదిహేను నిమిషాల్లో తీయగలిగితేనే ఆశ ఎక్కువ గనుక, ట్రాన్సీవర్ (మంచు కింద చిక్కినవారి జాడ తెలిపే రేడియో పరికరం), గుచ్చి వెతికే కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

నల్లమల, కర్నూలు:
అందరికీ ధన్యవాదాలు. ఏజెంటును అడిగితే గైడు దగ్గర ఒక పార ఉంటుందన్నాడు. కాబట్టి లోయలోని చదును దారికి మార్చమన్నాము.

గుత్తికోట, అనంతపురం:
దారి చదునుగా ఉన్నా, దాని పైన నిటారు వాలు ఉందేమో మ్యాపులో చూసుకోండి. పైన తెగిన మంచు లోయ అడుగుదాకా వస్తుంది.